కంప్యూటర్-ప్రొజెక్టర్ అనుసంధానం

కంప్యూటర్ తయారుచేసే బొమ్మను గోడమీదికో తెరమీదికో పెద్దదిగా పంపడానికి ప్రొజెక్టర్‌ను దానికి కలుపుతారు. వినగానే ఇది కేబుల్ వ్యవహారంలా తోస్తుంది. లాప్‌టాప్‌కు ఏ పోర్ట్ ఉంది, ప్రొజెక్టర్‌కు ఏ పోర్ట్ ఉంది, రెండింటికీ పట్టే కేబుల్ ఏది అన్నదే దుకాణంలోనైనా సెమినార్ హాల్లోనైనా మొదట వచ్చే ప్రశ్న. కేబుల్ దొరికితే పని అయిపోయినట్టే అనుకుంటారు. కానీ ప్లగ్ చక్కగా దిగి, రెండు యంత్రాలూ ఆన్‌లో ఉండి కూడా నీలిరంగు తెరమీద ‘నో సిగ్నల్’ అన్న మాటలు కదలకుండా నిలబడే సందర్భాలు ప్రతి కాలేజీకీ, ప్రతి ఆఫీసుకూ తెలిసినవే. అసలు ఇందులో కేబుల్ పని చిన్న భాగం. ఆ పోర్ట్ నుంచి వీడియో సిగ్నల్ వస్తోందా, వస్తే ప్రొజెక్టర్‌కు అర్థమయ్యే రూపంలో వస్తోందా అన్నది మొదటి మెట్టు. తానెవరో, ఏ కొలత బొమ్మను చూపగలదో ప్రొజెక్టర్ కంప్యూటర్‌కు చెప్పుకోగలగడం రెండోది. బొమ్మను ఎటు పంపాలో ఆపరేటింగ్ సిస్టమ్ తీసుకునే నిర్ణయం మూడోది. గత నలభై ఏళ్లలో ప్లగ్గుల రకాలు తగ్గుతూ వచ్చిన మాట నిజమే. కంప్యూటర్ల మధ్య తేడాలు మాత్రం తగ్గలేదు. కంటికి కనబడే చోటు నుంచి కనబడని చోటుకు జరిగాయి. ఒక్కో రకం కంప్యూటర్‌తో వచ్చే తిప్పలను ఈ దృష్టితో చూస్తే వాటిలో ఒక క్రమం తెలుస్తుంది.

తేడాలు బయటికి కనబడిన కాలం ఎలా ఉండేదో 1987 చెబుతుంది. ఆ ఏడాది ఐబీఎం తన పీఎస్/2 కంప్యూటర్లతో వీజీఏను తెచ్చింది. 15 పిన్నులు మూడు వరసల్లో ఉండే ఆ ప్లగ్, పక్కన రెండు స్క్రూలతో, ఇప్పటికీ పాత ప్రొజెక్టర్ల వెనక కనిపిస్తుంది. అదే ఏడాది ఆపిల్ తెచ్చిన మాకింటాష్-2 వీడియో పోర్ట్‌కూ 15 పిన్నులే, కాకపోతే రెండు వరసల్లో. ఒకదాని ప్లగ్ రెండోదాంట్లో దిగదు కాబట్టి గొడవ అక్కడే తేలిపోయేది. అడాప్టర్ కొని ప్లగ్ దించినా మరో తేడా ఉండేది: రెండు యంత్రాలూ 640×480 బొమ్మనే ఇచ్చేవి గానీ, వీజీఏ సెకనుకు సుమారు 60 సార్లు, మాక్ దాదాపు 67 సార్లు దాన్ని గీసేవి. ఒకే వేగానికి కట్టుబడిన తెరకు రెండోది అందేది కాదు. అంతకన్నా ఆసక్తికరమైనది ఆపిల్ ఆ పోర్ట్‌లో మూడు పిన్నులను బొమ్మకు వాడకుండా పక్కన పెట్టడం. అవతల ఏ రకం తెర ఉందో ఆ పిన్నులు ఎలా కలిసి ఉన్నాయన్నదాన్ని బట్టి మాక్ గుర్తుపట్టేది. అందుకే మాక్‌ను ప్రొజెక్టర్‌కు కలిపే అడాప్టర్లమీద చిన్న చిన్న స్విచ్చులు ఉండేవి. వాటిని సరైన వరసలో పెడితే తప్ప బొమ్మ వచ్చేది కాదు. అంటే అవతలివాడెవరో తెలుసుకోవడం అన్న సమస్య మొదటి రోజు నుంచే ఉంది, దాన్ని అప్పట్లో మనిషి చేత్తో తీర్చేవాడు. పవర్‌పాయింట్ కూడా 1987లోనే, అదీ మొదట మాక్‌కే వచ్చిందన్నది యాదృచ్ఛికమే కావచ్చు. స్లైడ్లు చూపాలన్న అవసరం, చూపడంలోని చిక్కు మాత్రం కలిసే పుట్టాయి.

ఆ స్విచ్చుల పనిని యంత్రాలకే అప్పగించే ఏర్పాటు 1994లో వెసా అనే ప్రమాణాల సంఘం చేసింది. దాని పేరు ఈడీఐడీ. ప్రొజెక్టర్‌లో ఒక చిన్న మెమొరీ చిప్ ఉంటుంది. అందులో 128 బైట్ల పరిచయ పత్రం. తయారీదారుకు మూడక్షరాల సంకేతం, నమూనా సంఖ్య, తయారైన సంవత్సరం, చూపగల రిజల్యూషన్ల జాబితా, వాటిలో తనకు బాగా నప్పేది ఏదో, ఇవన్నీ అందులో ఉంటాయి. చివరి బైట్ లెక్క సరిచూసుకోవడానికి. కంప్యూటర్ అతి సన్నని రెండు తీగలమీద ఆ పత్రాన్ని చదివి, దానికి తగ్గ బొమ్మను పంపుతుంది. ఆ చిప్‌కు కావలసిన 5 వోల్టుల కరెంటు కూడా కంప్యూటరే కేబుల్‌లో పంపుతుంది. మానిటర్ల కోసం రాసిన ఈ పత్రంలో తెర వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో చెప్పే రెండు గడులు ఉన్నాయి. ప్రొజెక్టర్ బొమ్మ ఎంత పెద్దదన్నది గోడ దూరాన్ని బట్టి మారుతుంది కాబట్టి అక్కడ సున్నాలు వేసుకోవచ్చని నియమం. హెచ్‌డీఎంఐ వచ్చాక ఈ పత్రానికి ఇంకో 128 బైట్ల అనుబంధం చేరింది; శబ్దం వినిపించగలనా లేదా అన్నది అందులో ఉంటుంది. ఇప్పటి ‘నో సిగ్నల్’ ఫిర్యాదుల్లో ప్లగ్ వదులు కాని చాలావాటి వెనక ఈ పత్రం అందకపోవడమో, తప్పుగా అందడమో ఉంటుంది. చవకరకం వీజీఏ కేబుల్ తయారీలో ఈ సన్నని తీగలనే ఎగ్గొట్టేవారు. బొమ్మ తీగలు ఉన్నాయి కాబట్టి బొమ్మ వస్తుంది. విండోస్ మాత్రం అవతల ఉన్నదాన్ని ‘జనరిక్ నాన్-పీఎన్‌పీ మానిటర్’ అని రాసుకుని ఏదో ఒక సాధారణ రిజల్యూషన్‌తో సరిపెడుతుంది. ప్రొజెక్టర్ మంచిదే, లాప్‌టాప్ మంచిదే, అక్షరాలు మాత్రం సాగిపోయి ఉంటాయి. తప్పు ప్రొజెక్టర్ మీదికి పోతుంది.

ఇక్కడే ఒక అభ్యంతరం వినిపిస్తుంది. వీజీఏ కాలంలో ఇన్ని బాధలు లేవు, గుచ్చి స్క్రూలు తిప్పితే బొమ్మ వచ్చేది, డిజిటల్ వచ్చాకే ఈ గోల అని. ఇందులో నిజం లేకపోలేదు. వీజీఏ అనలాగ్ సిగ్నల్. ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడు తీగల్లో, వరసలు ఎక్కడ మొదలవ్వాలో చెప్పే సంకేతాలు మరో రెండు తీగల్లో వెళ్తాయి. అవతల ఎవరున్నారో తెలియకపోయినా కంప్యూటర్ బొమ్మను పంపేయగలదు. కేబుల్ పొడవైతే బొమ్మ మసకబారుతుంది, అక్షరాల పక్కన నీడ పడుతుంది, అంతేగానీ పూర్తిగా పోదు. ఆ ఓర్పు డిజిటల్‌కు లేదు: కొంత దూరం దాకా నిక్కచ్చిగా వస్తుంది, హద్దు దాటగానే చుక్కలు మెరిసి నల్లబడుతుంది. కానీ ఆ ఓర్పుకూ ఖరీదు ఉండేది. అనలాగ్ అలను మళ్లీ చుక్కలుగా కోయాలంటే ఎక్కడ కోయాలో ప్రొజెక్టర్ ఊహించాలి. రిమోట్‌మీద ‘ఆటో’ బటన్ నొక్కగానే బొమ్మ ఒకసారి అటూ ఇటూ జరిగి నిలబడేది ఆ ఊహ వల్లే. ఊహ తప్పితే స్లైడ్ ఎడమ అంచు తెర బయటికి పోయేది. ప్రొజెక్టర్ తట్టుకోలేని వేగం వస్తే ‘అవుటాఫ్ రేంజ్’ అనేది. పైగా శబ్దానికి వేరే తీగ కావాలి. ఈ ఇబ్బందులన్నీ జనం అలవాటు పడి మరచిపోయినవి, లేనివి కావు. ఏమైనా 2010 డిసెంబరులో ఇంటెల్, ఏఎండీతో పాటు కొన్ని కంప్యూటర్, తెరల కంపెనీలు కలిసి 2015 నాటికి వీజీఏను వదిలేస్తామని ప్రకటించాయి. లాప్‌టాప్‌లు వదిలాయి. గదుల పైకప్పులకు వేలాడే ప్రొజెక్టర్లు, గోడల్లో పూడ్చిన తీగలు వదల్లేదు. అలా ఇవాళ్టి చేతిసంచిలో తప్పనిసరిగా ఉండే హెచ్‌డీఎంఐ-వీజీఏ కన్వర్టర్ పుట్టింది.

ఆ కన్వర్టర్ గురించి కొంచెం ఆగి చెప్పుకోవాలి, ఎందుకంటే అది చూడ్డానికి ప్లగ్ మార్పిడిలా ఉంటుంది గానీ లోపల పెద్ద పనే చేస్తుంది. డిజిటల్‌ను అనలాగ్‌గా మార్చే చిప్ ఒకటి అందులో ఉంటుంది. ఆ చిప్‌కు కరెంటు కావాలి. హెచ్‌డీఎంఐ పోర్ట్ 18వ పిన్నులో కనీసం ఇవ్వాల్సినది 55 మిల్లీఆంపియర్లు మాత్రమే. కొన్ని లాప్‌టాప్‌లు అంతకన్నా ధారాళంగా ఇస్తాయి, కొన్ని ఇవ్వవు. ఒకే కన్వర్టర్ ఒకరి లాప్‌టాప్‌తో పనిచేసి ఇంకొకరిదానితో రెండు నిమిషాలకోసారి ఆరిపోతుంటే కారణం చాలాసార్లు ఇదే. పక్కన యూఎస్‌బీ నుంచి కరెంటు తీసుకునే దారి ఉన్న కన్వర్టర్లు అందుకే వచ్చాయి, పది రూపాయలు ఎక్కువైనా అవే కొనడం మేలు. కన్వర్టర్‌కు దిక్కు కూడా ఉంటుంది. హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏకు పోయేది వెనక్కి పనిచేయదు. పాత వీజీఏ లాప్‌టాప్‌ను కొత్త హెచ్‌డీఎంఐ ప్రొజెక్టర్‌కు కలపాలంటే వేరే పరికరం కొనాలి.

2002 చివర్లో తొలి రూపం వెలువడిన హెచ్‌డీఎంఐ టీవీల కోసం పుట్టింది, కంప్యూటర్లకు తర్వాత అలవాటైంది. 19 పిన్నులు, బొమ్మా శబ్దమూ ఒకే కేబుల్‌లో. అప్పటికే ఉన్న డీవీఐ కూడా డిజిటలే కాబట్టి రెండింటి మధ్యా మామూలు అడాప్టర్ సరిపోతుంది. పేరు ఒకటే అయినా హెచ్‌డీఎంఐ లోపల తరాలు ఉన్నాయి: 2009 నాటి 1.4 రకం 4కే బొమ్మను సెకనుకు 30 సార్లే మోయగలదు, 2013 నాటి 2.0 రకం 60 సార్లు. ప్లగ్ ఆకారం చూస్తే తేడా తెలియదు. శబ్దం ఇందులో కలవడం మేలు చేసినట్టే చేసి ఇంకో చిక్కు తెచ్చింది. కేబుల్ గుచ్చగానే కంప్యూటర్ తన స్పీకర్లను వదిలి శబ్దాన్ని ప్రొజెక్టర్‌కు పంపేస్తుంది. గదిలో పెద్ద స్పీకర్లు లాప్‌టాప్ హెడ్‌ఫోన్ రంధ్రానికి కట్టి ఉంటాయి. వీడియో ఆడుతుంది, హాలంతా నిశ్శబ్దం. సౌండ్ సెట్టింగుల్లో అవుట్‌పుట్ మార్చడం తప్ప దీనికి ఇంకేమీ చేయక్కర్లేదు. మరో సంగతి హెచ్‌డీసీపీ అనే కాపీ రక్షణ. సినిమా యాప్‌లు అవతలి తెర ఈ రక్షణను ఒప్పుకుంటేనే బొమ్మ పంపుతాయి. మధ్యలో వీజీఏ కన్వర్టర్ ఉంటే ఒప్పుకోవడానికి ఎవరూ ఉండరు; డెస్క్‌టాప్ బాగా కనిపిస్తూ సినిమా గడి ఒక్కటే నల్లగా ఉంటుంది. దాన్ని కేబుల్ లోపమనుకుని ఎన్ని కేబుళ్లు మార్చినా ఫలితం ఉండదు.

ఆకారాలు ఒకటైపోతే తేడాలు ఎలా దాక్కుంటాయో టైప్-సీ అన్నిటికన్నా బాగా చూపిస్తుంది. 2014లో ఈ ప్లగ్ వచ్చినప్పుడు ఒక్క తీగతో చార్జింగ్, డేటా, బొమ్మ అన్నీ జరుగుతాయని చెప్పారు. జరగవచ్చు అని చదువుకోవాలి. టైప్-సీ అనేది ప్లగ్ పేరు. దాని గుండా బొమ్మ రావాలంటే ఆ పోర్ట్‌కు డిస్‌ప్లేపోర్ట్ ఆల్ట్ మోడ్ ఉండాలి, లేదా అది థండర్‌బోల్ట్ పోర్ట్ అయి ఉండాలి. ఆ ఏర్పాటు ఉంటే కంప్యూటర్, అడాప్టర్ ముందు మాట్లాడుకుని 24 పిన్నుల్లో వేగంగా పనిచేసే కొన్ని జతలను డిస్‌ప్లేపోర్ట్ సిగ్నల్‌కు వదిలేస్తాయి. లేకపోతే ఎంత ఖరీదైన హబ్ పెట్టినా బొమ్మ రాదు, చార్జింగ్ మాత్రం బాగా అవుతుంది. ఒకే లాప్‌టాప్‌కు రెండు టైప్-సీ పోర్ట్‌లు ఉండి ఒకదానిలోనే బొమ్మ వచ్చే నమూనాలూ ఉన్నాయి. పోర్ట్ పక్కన డిస్‌ప్లేపోర్ట్ గుర్తో, మెరుపు గుర్తో ఉందేమో చూడటం, లేకుంటే ఆ నమూనా వివరాల పేజీ చదవడం తప్ప దారి లేదు. ఫోన్లదీ ఇదే కథ: ఆపిల్ 2023లో ఐఫోన్ 15 నుంచి టైప్-సీలో బొమ్మ ఇస్తోంది, చవక ఆండ్రాయిడ్ ఫోన్లలో ఎక్కువ భాగం ఇవ్వవు. ఇలాంటి పోర్ట్‌లకు డిస్‌ప్లేలింక్ రకం అడాప్టర్లు ఒక అడ్డదారి. అవి బొమ్మను మామూలు డేటాగా కుదించి పంపుతాయి కాబట్టి ఏ యూఎస్‌బీలోనైనా పనిచేస్తాయి, కానీ ముందుగా డ్రైవర్ వేసుకోవాలి. మాక్‌లో అయితే ఆ సాఫ్ట్‌వేర్‌కు స్క్రీన్ రికార్డింగ్ అనుమతి కూడా ఇవ్వాలి, సెమినార్ మొదలయ్యే ముందు ఐదు నిమిషాల్లో తేలే పని కాదది.

ఇక కంప్యూటర్ల రకాలకు వస్తే, విండోస్ లాప్‌టాప్‌ల విషయంలో పెద్ద మేలు 2009లో విండోస్ 7తో జరిగింది. అంతకుముందు బొమ్మను బయటికి పంపే మీట ఒక్కో కంపెనీకి ఒక్కో చోట ఉండేది. ఫంక్షన్ మీటతో ఎఫ్4 ఒకరికి, ఎఫ్5 ఇంకొకరికి, ఎఫ్8 మరొకరికి. విండోస్ మీటతో పీ నొక్కడం అన్న పద్ధతి అందరికీ ఒకటైంది. అందులో డూప్లికేట్, ఎక్స్‌టెండ్ అన్న రెండింటి తేడాయే ఎక్కువమందిని తికమక పెడుతుంది. డూప్లికేట్‌లో రెండు తెరలకూ ఒకే బొమ్మ వెళ్లాలి గనక ఇద్దరికీ కుదిరే రిజల్యూషన్ వెతకాల్సి వస్తుంది. 1366×768 లాప్‌టాప్‌ను 1024×768 ప్రొజెక్టర్‌కు కలిపితే ఎవరో ఒకరు తగ్గాలి. లాప్‌టాప్ తెర హఠాత్తుగా పక్కలకు కుదించుకుపోయేది అందుకే. ఎక్స్‌టెండ్‌లో ఎవరి కొలత వారిదే, స్పష్టత ఎక్కువ, వక్తకు తన నోట్సు తనకే కనిపిస్తుంది. ప్రేక్షకులకు మాత్రం మొదట ఖాళీ వాల్‌పేపర్ కనబడి, కేబుల్ పని చేయడం లేదనుకుని లాగేసేవాళ్లు ఉంటారు. డెస్క్‌టాప్ కంప్యూటర్లలో పొరపాటు వేరే రకం: గ్రాఫిక్స్ కార్డ్ ఉన్న పెట్టెలో కేబుల్‌ను కార్డ్‌కు కాకుండా పైనున్న మదర్‌బోర్డ్ పోర్ట్‌కు గుచ్చడం. ప్రాసెసర్‌లో సొంత గ్రాఫిక్స్ లేకపోతే ఆ పోర్ట్ అలంకారమే.

మాక్‌లలో ప్లగ్గుల చరిత్ర ఎప్పటికప్పుడు మారుతూనే ఉంది. 2008లో మినీ డిస్‌ప్లేపోర్ట్, 2011లో అదే ఆకారంలో థండర్‌బోల్ట్, 2012లో రెటీనా మాక్‌బుక్ ప్రోకు హెచ్‌డీఎంఐ, 2016లో దాన్ని తీసేసి అన్నీ టైప్-సీ, 2021లో పెద్ద మాక్‌బుక్ ప్రోలకు మళ్లీ హెచ్‌డీఎంఐ. సాఫ్ట్‌వేర్ వైపు మాత్రం మాక్ పరిచయ పత్రాన్ని నమ్ముతుంది, చాలావరకు అడగకుండానే బొమ్మ పంపుతుంది. పంపకపోతే డిస్‌ప్లే సెట్టింగుల్లో ఆప్షన్ మీట పట్టుకుంటే ‘డిటెక్ట్ డిస్‌ప్లేస్’ బటన్ బయటికొస్తుంది. 2020 నాటి ఎం1 మాక్‌బుక్ ఎయిర్ మామూలు దారిలో ఒక్క బయటి తెరనే ఒప్పుకుంటుంది. బల్లమీద మానిటర్ కలిపి ఉంటే ప్రొజెక్టర్‌కు చోటుండదు. లినక్స్‌లో 2007 దాకా కొత్త తెరను చేర్చాలంటే కాన్ఫిగరేషన్ ఫైలు దిద్దుకోవాల్సి వచ్చేది; తర్వాత అదంతా నడుస్తుండగానే జరుగుతోంది. అయితే రెండు గ్రాఫిక్స్ చిప్‌లున్న లాప్‌టాప్‌లలో హెచ్‌డీఎంఐ పోర్ట్ తరచూ ఎన్విడియా చిప్‌కు కట్టి ఉంటుంది, దాని డ్రైవర్ లేకపోతే పోర్ట్ ఉన్నా లేనట్టే. రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న బోర్డు కంప్యూటర్ సంగతి ఇంకా సూటిగా ఉంటుంది. 2019లో వచ్చిన నాలుగో నమూనాకు రెండు మైక్రో హెచ్‌డీఎంఐ పోర్ట్‌లు ఇచ్చారు. ఒకే తెర ఉంటే కరెంటు పోర్ట్ పక్కనున్నదే వాడాలి. పాత నమూనాలు బూట్ అయ్యే క్షణంలో అవతల ఎవరూ పలకకపోతే హెచ్‌డీఎంఐ వదిలేసి పాత కాంపోజిట్ దారిలో బొమ్మ పంపేవి. అందుకే ముందు ప్రొజెక్టర్, తర్వాత కంప్యూటర్ ఆన్ చేయమని పెద్దలు చెప్పే మాట చాదస్తంలా అనిపించినా దానికి ఆధారం ఉంది.

తీగలే లేకుండా చేస్తే ఈ గొడవంతా పోదా అన్నది రెండో అభ్యంతరం. తీగ పోతుంది, ఒప్పందం పోదు. 2012లో వచ్చిన మిరాకాస్ట్‌ను విండోస్ 8.1 నుంచి వాడుకోవచ్చు, మాక్‌కు అది తెలియదు. ఆపిల్‌కు ఎయిర్‌ప్లే, గూగుల్‌కు తనదైన కాస్ట్. 1987లో ప్లగ్గుల్లో ఉన్న చీలిక ఇక్కడ ప్రోటోకాళ్లలో మళ్లీ వచ్చింది. కాలేజీ, హోటల్ వైఫైలలో భద్రత కోసం ఒక పరికరానికి మరో పరికరం కనబడకుండా చేస్తారు. అప్పుడు ఎయిర్‌ప్లే, కాస్ట్ రెండూ ప్రొజెక్టర్‌ను చూడలేవు. కలిసినా, తీగ లేకుండా వచ్చే బొమ్మ స్లైడ్లకు చాలు గానీ మౌస్ కదలిక కాస్త వెనకబడుతుంది, సాఫ్ట్‌వేర్ నేర్పే తరగతిలో అది చికాకే.

అంతకన్నా తేలికైన దారి అని, లాప్‌టాప్ వదిలేసి పెన్‌డ్రైవ్‌లో ఫైలు తీసుకెళ్లి గదిలో అప్పటికే ప్రొజెక్టర్‌కు కట్టి ఉన్న కంప్యూటర్‌లో తెరవమంటారు. ఇంగ్లిష్ స్లైడ్లకు ఇది నడుస్తుంది. తెలుగు స్లైడ్లకు ఇక్కడ ఒక ప్రత్యేకమైన దెబ్బ ఉంది. డీటీపీ వాళ్లు ఇప్పటికీ వాడే అను ఫాంట్లు యూనికోడ్ కావు. ఆ ఫాంట్ లేని యంత్రంలో తెరిస్తే తెలుగు బదులు ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు కలగలిసి కనిపిస్తాయి. యూనికోడ్‌లో టైపు చేసినా తాను ఎంచుకున్న ఫాంట్ అక్కడ లేకపోతే పేజీ అమరిక చెదురుతుంది. పీడీఎఫ్‌గా మార్చుకుంటే అక్షరాలు నిలుస్తాయి, యానిమేషన్లు పోతాయి. అందువల్ల తెలుగులో పాఠం చెప్పేవారికి సొంత లాప్‌టాప్‌ను కలుపుకునే అవసరం మిగతావారికన్నా ఎక్కువే.

కంప్యూటర్, ప్రొజెక్టర్ రెండింటినీ ఒకే పెట్టెలో పెట్టేయడం ఇంకో ప్రయత్నం. ఐఐటీ బొంబాయిలో రూపుదిద్దుకున్న కే-యాన్‌లో కంప్యూటర్, ప్రొజెక్టర్, స్పీకర్లు కలిసే ఉంటాయి. తెలంగాణ ప్రభుత్వ పాఠశాలల డిజిటల్ తరగతుల్లో దీన్ని వాడారు. ఆంధ్రప్రదేశ్ పాఠశాలల్లో నాడు-నేడు పథకం కింద ప్రొజెక్టర్ అవసరమే లేని ఇంటరాక్టివ్ ప్యానెళ్లు పెట్టారు. రోజూ ఒకే పాఠ్యం నడిచే గదికి ఇవి సరైన జవాబే. బయటివారు తమ యంత్రాలతో వచ్చే సెమినార్ హాళ్లకు మాత్రం ఇవి చాలవు. పైగా లేజర్ ప్రొజెక్టర్ల కాంతి మూలానికి 20,000 గంటల ఆయుష్షు చెబుతారు. ఒక ప్రొజెక్టర్ ముందు లాప్‌టాప్‌ల తరాలు మూడు నాలుగు మారిపోతాయి. అలాంటి హాళ్లలో పని తెలిసినవాళ్లు వేదిక దగ్గర హెచ్‌డీఎంఐ, టైప్-సీ కొసలు రెండూ ఉంచుతారు. ప్రొజెక్టర్ దాకా ఉన్న దూరానికి నెట్‌వర్క్ కేబుల్‌మీద 100 మీటర్ల వరకు బొమ్మను మోసే హెచ్‌డీబేస్‌టీ వాడతారు, లేదా ఆప్టికల్ హెచ్‌డీఎంఐ వేస్తారు. ఆప్టికల్ కేబుల్‌కు కంప్యూటర్ కొస, తెర కొస వేరువేరు. తిప్పి పైపులో పూడిస్తే మళ్లీ గోడ తవ్వాల్సిందే. ఆ దారి మధ్యలో ప్రొజెక్టర్ పరిచయ పత్రాన్ని ఒకసారి నకలు తీసుకుని దాచుకునే చిన్న పరికరం కూడా పెడతారు. ప్రొజెక్టర్ ఆరి ఉన్నా, ఎవరి లాప్‌టాప్ వచ్చినా, అడగగానే ఆ నకలును అదే అందిస్తుంది.